మూడో రోజు రిపోర్ట్ ఎక్కడికి పోతుంది?

తీవ్రమైన జ్వరంతో, పడిపోతున్న బీపీతో నల్లగొండ ఆస్పత్రిలో చేరిన రోగికి యాంటీబయాటిక్ మొదలుపెట్టేటప్పుడు, ఒంట్లో ఉన్నది ఏ క్రిమో డాక్టరుకు తెలియదు. తెలిసేదాకా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రక్తం తీసి కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు పంపి, ఎక్కువ రకాల క్రిముల మీద పనిచేసే మందును అంచనాతో ఎక్కిస్తారు. అది సరైన పనే. ఆ అంచనాను సరిదిద్దుకోవాల్సిన రెండో, మూడో రోజునే మన ఆస్పత్రులు తడబడుతున్నాయని నా అభిప్రాయం.

ల్యాబ్‌లో ఎంత శ్రమ జరుగుతుందో చూడండి. రక్తం నుంచి పెంచిన బ్యాక్టీరియాను అగర్ (క్రిములు పెరిగే జెల్లీ లాంటి పదార్థం) పోసిన పళ్లెం నిండా పూసి, ఒక్కో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలను ఎడంగా అమరుస్తారు. రాత్రంతా 35 డిగ్రీల వేడిలో ఉంచుతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. పనిచేయకపోతే బ్యాక్టీరియా బిళ్ల అంచుదాకా పొరలా కమ్ముకుంటుంది. టెక్నీషియన్ ఆ ఖాళీని మిల్లీమీటర్లలో కొలిచి, ఏ మందుకు లొంగుతుందో రాస్తారు. ఇంత కష్టపడి తేల్చిన ఫలితం కాగితం మీద వార్డుకు చేరేసరికి రోగి మంచం మారి ఉంటాడు, డ్యూటీ డాక్టరూ మారి ఉంటారు. కేస్ షీట్‌లో మాత్రం పాత మందే రోజూ కొనసాగుతుంది.

కంప్యూటర్ నిజంగా ఆదుకోగలిగేది ఇక్కడే. ఫలితం తేలిన నిమిషంలోనే దాన్ని ఆ రోగిని చూస్తున్న డాక్టరు ఫోనుకు పంపగలదు. మందు మొదలై 48 గంటలు కాగానే, ఇది ఇంకా అవసరమా, సూది బదులు మాత్ర సరిపోతుందా, ఏ రోజున ఆపాలి అని అడగగలదు. కిడ్నీల పనితీరు తగ్గిందని చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగిన రోగికి మోతాదు తగ్గించమని గుర్తుచేయగలదు.

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఒక ఆస్పత్రి 1990లలోనే ఐసీయూలో ఈ పని చేసి చూసింది. కంప్యూటర్ సలహా లేని రెండేళ్లలో 1,136 మంది రోగులకు గాను 206 సార్లు, క్రిమి లొంగని మందు రాసినట్టు తేలింది. సలహా వచ్చాక ఏడాదిలో 545 మందికి గాను 12 సార్లే అలా జరిగింది. చివరి నిర్ణయం మాత్రం డాక్టరుదే.

అయితే ప్రతి చిన్న విషయానికీ తెరమీద హెచ్చరిక మెరిస్తే, ఓపీ రద్దీలో ఉన్న డాక్టర్లు చదవకుండానే నొక్కేస్తారు. హెచ్చరికలు కొద్దిగా, ముఖ్యమైనవే ఉండాలి.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటితో క్రిములను పరీక్షించే మైక్రోబయాలజీ విభాగాలూ వచ్చాయి. జడ్చర్ల నుంచో దేవరకొండ నుంచో వచ్చిన రోగి రక్తాన్ని జిల్లా కేంద్రంలోనే పరీక్షించే వీలుంది. ఆ ఫలితాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచితంగా అందించే హూనెట్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే, ఏ క్రిమి ఏ మందుకు ఎంత శాతం లొంగుతోందో ఏటా ఒక పట్టిక తయారవుతుంది. దీన్నే యాంటీబయోగ్రామ్ అంటారు. ఒక్కో క్రిమికి కనీసం 30 మంది రోగుల నమూనాలు ఉండాలి, ఒక రోగి నుంచి మొదటిదాన్నే లెక్కించాలి. లేదంటే మొండి ఇన్ఫెక్షన్‌తో నెలల తరబడి మంచం పట్టిన ఒక్కరి ఫలితాలే పట్టికను తారుమారు చేస్తాయి. మొదటి రోజు అంచనాకు ఈ పట్టికను మించిన ఆధారం లేదు. ఢిల్లీ ఆస్పత్రి లెక్క ఇక్కడి రోగికి సరిపోవాలని లేదు.

డాక్టరు చూసే కంప్యూటర్ తెరమీద తప్పకుండా ఉండాల్సిన గడి మరొకటి ఉంది: ఇక్కడికి రాకముందు ఏ మందులు వాడారు? మన పల్లెల్లో చాలామంది ఆర్‌ఎంపీ దగ్గర రెండు, మూడు రోజులు సూదులు వేయించుకున్నాకే పెద్దాస్పత్రికి వస్తారు. అప్పటికే యాంటీబయాటిక్ పడి ఉంటే క్రిమి ఒంట్లో ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు. రిపోర్ట్‌లో 'ఏమీ పెరగలేదు' అని వస్తుంది. ఆ గడి నిండి ఉంటేనే డాక్టరు ఆ మాటను సరిగా అర్థం చేసుకోగలరు. అందుకని రోగితో వచ్చినవాళ్లు ఖాళీ మందుల స్ట్రిప్పులనూ, సూదిమందు సీసాలనూ పారేయకుండా వెంట తెస్తే చాలు, పేర్లు నర్సు చూసి ఎక్కిస్తారు.