తెల్లని ఇసుకకు తిరగలి ఎక్కడుంది?

ఉష్ణమండల దీవిలో సెలవులు గడపబోయేవారు అక్కడ తప్పక చూడవలసినది ఏమిటని అడిగినప్పుడు, నేను ముందుగా చెప్పేది ఇసుక గురించే. ఈతా, పడవ షికారూ, సూర్యాస్తమయమూ ఎవరూ చెప్పకపోయినా ఎలాగూ జరిగిపోతాయి. వెంట ఒక భూతద్దమూ, చిన్న సీసాలో కాస్త వెనిగరూ ఉంటే చాలు, ఒక పూటంతా ఇసుకతోనే గడిచిపోతుంది.

పగడపు దీవి ఒడ్డున చిటికెడు ఇసుకను అరచేతిలో పరిచి భూతద్దంతో చూస్తే, రేణువులు ఒకే రకంగా ఉండవు. సన్నని రంధ్రాలున్న పగడపు ముక్కలు, గవ్వల పెంకులు, సముద్రపు అర్చిన్లనే ముళ్ళ ప్రాణుల విరిగిన ముళ్ళు, ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గూళ్ళు అందులో కలిసి ఉంటాయి. దానిపై రెండు చుక్కల వెనిగర్ వేస్తే బుడగలు వస్తాయి. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. ఇసుక అంటే సిలికా అని బడిలో ఒక్క వాక్యంలో ముగించేస్తారు గానీ, సిలికా అయితే వెనిగర్‌కు చలించదు. ఇక్కడున్నది కాల్షియం కార్బొనేట్, అంటే ప్రాణులు తమ ఒంటి కోసం కట్టుకున్న సున్నపురాయి. అగ్నిపర్వత దీవుల్లోని నల్లని ఇసుక బసాల్ట్ శిలది, హవాయిలోని పాపకోలియా తీరపు ఆకుపచ్చ ఇసుక ఆలివిన్ ఖనిజానిది. ఆ కథ వేరు.

అంత గట్టి పగడం పిండిగా మారడం వెనుక అలల పని కొంత ఉంది. రాతిని తొలిచే స్పంజికలు, గీకే సముద్రపు అర్చిన్లు కూడా ఇందులో పాలు పంచుకుంటాయి. కానీ అనేక దీవుల దగ్గర అసలు శ్రామికురాలు చిలుకచేప. ముక్కులా కలిసిపోయిన దాని పళ్ళు ఫ్లోరాపటైట్ అనే ఖనిజపు స్ఫటికాలు ఒకదానిలో ఒకటి అల్లుకొని ఏర్పడినవి. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ మానంలో ఫ్లోరాపటైట్‌ది 5. పగడపు అస్థిపంజరంలో కాల్షియం కార్బొనేట్ ఉండే రూపమైన అరగొనైట్‌ది 3.5 నుంచి 4. ఆ తేడా చాలు, ప్రతి కాటుకూ రాయి తెగుతుంది. నీటిలో ఊపిరి పీల్చే గొట్టం, అంటే స్నార్కెల్ తగిలించుకొని నీటిలో తల ముంచితే ఆ కరకర శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. చేప కనిపించకముందే దాని భోజనం తెలిసిపోతుంది.

అసలు నూరుడు గొంతులో జరుగుతుంది. అక్కడ దానికి రెండో జత దవడలు ఉంటాయి. వాటిని తిరగలి అనడం కన్నా సన్నికల్లూ పొత్రమూ అనడం న్యాయం, ఎందుకంటే అవి గుండ్రంగా తిరగవు. కింది ఎముక పళ్ళతో నిండిన పళ్ళెంలా పరుచుకొని ఉంటే, పైఎముకలు దాని మీద ముందుకూ వెనక్కూ జరుగుతూ రాతిముక్కలను నూరుతాయి. పొత్రమైతే అరిగినకొద్దీ నున్నబడి మళ్ళీ గంట్లు పెట్టించుకోవలసి వస్తుంది. ఇక్కడ మాత్రం అరిగిన వరుసల స్థానంలో కొత్త పళ్ళు పుట్టుకొస్తూనే ఉంటాయి. చేపకు కావలసింది రాయి కాదు, రాతి మీదా లోపలా పెరిగే నాచూ సూక్ష్మజీవులూ మాత్రమే. రాతిని ఎంత మెత్తగా నూరితే వాటి కణాలు అంతగా పగిలి జీర్ణమవుతాయి. మరో విశేషం, చిలుకచేపకు జీర్ణాశయం లేదు. ఒకవేళ ఆమ్లం నిండిన సంచీ ఉండి ఉంటే, అరచేతిలో వెనిగర్‌కు జరిగిందే దాని కడుపులోనూ జరిగి, ఆమ్లమంతా సున్నాన్ని కరిగించడానికే ఖర్చయ్యేది. నూరిన సున్నం పేగు గుండా సాగి, తెల్లని మేఘంలా తోక వైపు నుంచి బయటపడుతుంది. పర్యాటకులు ఇష్టంగా పడుకొనే మెత్తని తీరంలో చాలా భాగం ఇదేనని చెబితే కొందరు ముఖం చిట్లిస్తారు. నాకైతే తీరం మీద గౌరవం పెరుగుతుంది.

పెద్ద చిలుకచేప ఒకటి ఏడాదికి కొన్ని వందల కిలోల ఇసుకను తయారుచేయగలదు. నుదుటిపై పెద్ద బొడిపె ఉండే జాతి చిలుకచేప ఏడాదికి 5 టన్నులకు పైగా పగడపు రాతిని కొరుకుతుందని ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో లెక్కగట్టారు. మాల్దీవుల్లోని వక్కారు దీవి చుట్టూ జరిపిన పరిశీలన 2015లో వెలువడింది. దాని ప్రకారం అక్కడి పగడపు దిబ్బ మీద కొత్తగా తయారయ్యే ఇసుకలో 85 శాతానికి పైగా చిలుకచేపల పనే.

జపాన్‌కు చెందిన తకెతోమి, ఇరియొమొతె దీవుల్లోని కొన్ని తీరాల్లో ఇసుక నక్షత్రాల ఆకారంలో ఉంటుంది. సముద్రసర్పం చంపిన నక్షత్రశిశువుల ఎముకలే అవని అక్కడి పాతకథ చెబుతుంది. నిజానికి అవి ఫొరామినిఫెరా గూళ్ళు. చచ్చిన ప్రాణుల అవశేషమే ఇసుక అన్న విషయంలో ఆ కథ మన ఒక్క వాక్యపు పాఠం కన్నా సత్యానికి దగ్గరగా ఉంది.

చిలుకచేపను చూడాలంటే పగటిపూటే నీటిలోకి దిగాలి. రాత్రి అది రాతి సందుల్లో నిద్రపోతుంది, కొన్ని జాతులు తమ చుట్టూ జిగురుతో ఒక గూడు కూడా అల్లుకొని, రక్తం పీల్చే పరాన్నజీవుల నుంచి కాపాడుకుంటాయి. మసక రంగులో గుంపుగా మేసేవాటిలో ఎక్కువ ఆడవి. వాటిలో కొన్ని తరువాత మగవిగా మారి నీలం, ఆకుపచ్చ రంగులు తెచ్చుకుంటాయి. ఈ చేప నాచును గీకివేసిన చోటనే పగడపు లార్వాలకు, అంటే నీటిలో తేలే పసి పగడాలకు, అతుక్కొనేందుకు జాగా దొరుకుతుంది కాబట్టి, బెలీజ్ దేశం 2009లో వీటి వేటను నిషేధించింది. అటువంటి నిషేధం లేని దీవుల్లో ఇది భోజనశాలల్లోనూ కనిపిస్తుంది కనుక, పళ్ళెంలోకి ఏ చేప రాబోతున్నదో ముందే అడిగి తెలుసుకోవచ్చు.