తిరగలికి గంట్లు, లోహానికి గుంటలు

తిరగలి నున్నబడితే గింజ నలగకుండా జారిపోతుంది. అప్పుడు ఉలితో గంట్లు కొట్టించేవారు. రాయి అదే, పట్టు మాత్రం మళ్లీ వచ్చేది. కాంతి జాతికే చెందినా కంటికి కనిపించని టెరాహెర్ట్జ్ తరంగాలను లోహం మీద నడిపించే ఉపాయం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ గంట్లే గుర్తుకొస్తాయి.

లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు మూకుమ్మడిగా ఊగడాన్ని ప్లాస్మాన్ అంటారు. బంగారం, వెండి మీద మామూలు కాంతి ఈ ఊపుతో జతకట్టి, ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పాకుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో లైకర్గస్ కప్పు అనే 4వ శతాబ్దపు రోమన్ గాజు పాత్ర ఉంది. బయటి నుంచి వెలుగు పడితే ఆకుపచ్చగా, లోపల దీపం పెడితే ఎర్రగా కనిపిస్తుంది. గాజులో కలిసిన వెండి, బంగారు నలుసుల్లోని ఎలక్ట్రాన్ల ఊపే అందుకు కారణం.

ఇక టెరాహెర్ట్జ్ అంటే సెకనుకు లక్ష కోట్ల కంపనాలు; తరంగదైర్ఘ్యం 0.3 మిల్లీమీటర్లు. మామూలు కాంతితో పోలిస్తే ఇంత నిదానంగా ఊగే తరంగానికి ఎలక్ట్రాన్లు ఇట్టే సర్దుకుని దాన్ని బయటికి నెట్టేస్తాయి. బంగారంలోకి అది మిల్లీమీటరులో పదివేలో వంతు లోతు కూడా దిగదు. పట్టు దొరకని తరంగం పైనున్న గాలిలోకి సెంటీమీటర్ల మేర పరుచుకుంటుంది. 2004లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో నున్నటి ఉక్కు తీగ వెంట ఈ తరంగాలను నడిపి చూశారు. నడిచాయి, కానీ తీగను వంచితే బయటికి చెదిరిపోయాయి.

అదే ఏడాది లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన జాన్ పెండ్రీ, ఇద్దరు స్పెయిన్ శాస్త్రవేత్తలతో కలిసి ఒక సిద్ధాంతం ప్రకటించారు. తరంగదైర్ఘ్యం కన్నా చిన్న గుంటలను లోహం మీద వరుసగా తవ్వితే, తరంగం వాటిలోకి కొంత దిగి ఉపరితలాన్ని పట్టుకుంటుంది. సెకనుకు ఎన్ని కంపనాల దాకా ఆ పట్టు దొరుకుతుందో, ఆ హద్దును నిర్ణయించేది గుంట కొలతే. 0.1 మిల్లీమీటరు వెడల్పున్న లోతైన చదరపు గుంటలైతే హద్దు 1.5 టెరాహెర్ట్జ్. లోహం స్వభావాన్ని ఉలితో మార్చుకోవచ్చన్న మాట! నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఆలోచన లేదు.

దీన్ని పరీక్షించే పద్ధతీ ముచ్చటైనదే. అతి స్వల్పకాలం ఉండే లేజర్ మెరుపును రెండుగా చీలుస్తారు. ఒకటి టెరాహెర్ట్జ్ తరంగాన్ని పుట్టిస్తుంది, రెండోది దాన్ని కొలిచే క్షణాన్ని నిర్ణయిస్తుంది. దారిలోని అద్దాన్ని మిల్లీమీటరులో వెయ్యో వంతు చొప్పున జరుపుతూ ఆ క్షణాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే విద్యుత్ క్షేత్రం ఎగుడుదిగుళ్లన్నీ తెర మీద గీతగా వస్తాయి. గాలిలోని తేమ ఈ తరంగాలను మింగేస్తుంది కనుక పరికరాన్ని పెట్టెలో ఉంచి పొడి నైట్రోజన్ నింపుతారు.

నున్నటి రేకు మీదుగా వచ్చిన గీత ఒకసారి లేచి, పడి, ఆగుతుంది. గుంటల మీదుగా వచ్చిన గీతకు పొడవాటి తోక ఉంటుంది. హద్దుకు దగ్గరి కంపనాలు గుంటగుంటకూ తగులుకుంటూ, మిగతావన్నీ చేరిపోయాక, ఒకదాని వెనుక ఒకటిగా వస్తుంటాయి.