నత్తల మందు గురించి అడిగిన మనవరాలికి

చిరంజీవులు మనవరాలికీ, మనవడికీ తాతయ్య ఆశీస్సులు.

అక్కడ ఇంగ్లండ్‌లో బడి పిల్లలతో కలిసి పాత భవంతి చూసి వచ్చి, “నాలుగు వందల ఏళ్ళ కిందట ఇక్కడివాళ్ళు నత్తలతో మందు చేసుకుని తాగారట, వాళ్ళకు ఆ మాత్రం తెలియదా తాతయ్యా?” అని ఫోనులో అడిగావు. రెండు మాటల్లో తేలే ప్రశ్న కాదు తల్లీ. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడికీ చదివి వినిపించు.

నత్తల మందు నిజమే. తోటలో గంపెడు నత్తలు ఏరి, బీరుతో కడిగి, నిప్పుల సెగకు చప్పుడు ఆగేదాకా వేయించి, గుల్లలతో సహా దంచేవారు. చీల్చి ఉప్పుతో తోమిన వానపాములనూ, రోజ్‌మేరీ వంటి ఆకులనూ, వేర్లనూ అందులో కలిపి, ఘాటైన బీరు పోసి బట్టీలో కాచేవారు. ఆవిరి చల్లబడి చుక్కచుక్కగా దిగిన నీరే మందు. క్షయతో చిక్కి శల్యమవుతున్న మనిషికి దాన్ని తాగించేవారు. క్షయ దానితో తగ్గేది కాదు.

అయినా వాళ్ళను చూసి నవ్వకు. లండన్‌లో వైద్యుల కళాశాల 1518లోనే ఏర్పడింది. కానీ దాని వైద్యులు కొద్దిమంది, ఫీజులు ఎక్కువ. పల్లెలో అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే ఎవరు వస్తారు? ఇంటి ఇల్లాలే వైద్యురాలు. 1615లో గర్వాస్ మార్కమ్ అనే ఆయన ఇల్లాలికి రావలసిన పనులన్నీ ఒక పుస్తకంగా రాస్తూ వంట, పాడి, ఉన్ని పనులతో పాటు వైద్యాన్నీ చేర్చాడు. యార్క్‌షైర్‌లోని హాక్‌నెస్‌లో మార్గరెట్ హోబీ అనే జమీందారిణి 1599 నుంచి 1605 వరకు దినచర్య రాసుకుంది. ఊళ్ళోవాళ్ళ పుండ్లు కడగడం, కట్లు కట్టడం అందులో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి.

ఆ మందుల సంగతి అర్థం కావాలంటే మన ఇంటి ఆవకాయను తలచుకో. ముక్క అదే, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అవే. అయినా ఏ ఇంటి కొలత ఆ ఇంటిదే. ఎవరింట్లోనో తిని, నచ్చితే కొలత అడిగి రాసుకుంటాం. “ఇది పెద్దత్తయ్య కొలత” అని పేరూ రాస్తాం. మూడో నాడు తిరగకలిపి రుచి చూస్తాం. ఒక ఏడాది జాడీకి బూజు పట్టిందా, మరుసటి ఏడాది ముక్కలను ఇంకాస్త శ్రద్ధగా తుడుస్తాం. ఆ ఇల్లాళ్ళ మందుల పుస్తకాలూ అచ్చం ఇలాగే నడిచాయి. మందు పక్కన అది ఎవరు చెప్పారో వారి పేరు ఉండేది. వాడి చూసి గుణం కనిపిస్తే “పరీక్షించాం, పనిచేసింది” అని లాటిన్‌లో ఒక ముక్క రాసేవారు. లేకపోతే కొట్టివేసేవారు. గులాబీలు పూసే జూన్‌లోనే గులాబీ నీరు బట్టీలో దింపాలి, మన మామిడికాయ కోసిన నాడే ముక్కలు కొట్టినట్టు. వంటల కొలతలూ మందులూ ఒకే పుస్తకంలో ఉండేవి.

యాన్ ఫాన్‌షా అనే ఆవిడ పుస్తకం 1651లో మొదలైంది. 1678లో ఆమె దాన్ని కూతురు కాథరిన్ చేతిలో పెట్టింది. పద్నాలుగు మంది పిల్లలను కని, వారిలో ఎక్కువ మందిని పోగొట్టుకున్న తల్లి ఆమె. కొట్టివేసిన మందుల వెనుక ఎన్ని రాత్రుల జాగరణ ఉందో ఊహించుకో.

ఆవకాయ బాగా లేకపోతే నాలుక వెంటనే చెబుతుంది. మందు అలా చెప్పదు. జ్వరం దానంతట అదే దిగితే కషాయానికి పేరు వస్తుంది. పైగా రూపాన్ని బట్టి గుణం ఉంటుందని చాలామంది నమ్మారు. తుంచితే పసుపు పాలు కారే సెలండైన్ మొక్కను పచ్చకామెర్లకు ఇచ్చేవారు.

పచ్చకామెర్లంటే నా చిన్నతనం గుర్తొస్తుంది. నాకు కళ్ళు పచ్చబడితే మా నాన్న తెల్లవారకముందే భుజాన ఎత్తుకుని పొరుగూరి అవ్వ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆమె తలుపు మూసి ఏదో ఆకు నూరేది. నూరే చప్పుడు వినిపించేది, ఆకు మాత్రం కనిపించేది కాదు. ఉసిరికాయంత పచ్చటి ముద్ద మజ్జిగలో కలిపి తాగించి, చప్పిడి పథ్యం పెట్టింది. పైసా తీసుకోలేదు. ఆకు పేరు చెబితే గుణం పోతుందని ఆమె నమ్మకం. నాకు తగ్గింది. ఆకు వల్లనా, పథ్యం వల్లనా, రోగమే తిరుగుముఖం పట్టిందా, ఎవరూ తేల్చలేదు. అవ్వ పోయింది, ఆకు పేరూ ఆమెతోనే పోయింది. పిల్లలూ, మంచి సంగతి తెలిస్తే దాచుకోకండి. ఫలించిందో లేదో కూడా కలిపి రాయండి. ఫలించనిది రాయడానికే ఎక్కువ నిజాయితీ కావాలి.

అలాంటి అవ్వే మీ బర్మింగ్‌హామ్‌కు దగ్గరలోని ష్రాప్‌షైర్‌లో ఒకామె ఉండేది. ఒంటికి నీరు పట్టి ఉబ్బిన రోగులకు, వైద్యులు చేతులెత్తేసిన తర్వాత కూడా, ఆమె మందు కొన్నిసార్లు పనిచేసేది. తరాల నాటి రహస్యం. 1775లో ఆ మందును విలియం విథరింగ్ అనే వైద్యుడికి చూపించారు. అందులో ఇరవైకి పైగా ఆకులు. ఆవకాయలో ఘాటు ఎక్కడిదని అడిగితే ఆవపిండిదని మీ నానమ్మ చటుక్కున చెప్పినట్టు, పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఆకు ఒక్కటేనని ఆయన పట్టుకున్నాడు. తర్వాత పదేళ్ళు ఎంత మోతాదు ఇవ్వాలో చూసుకుంటూ, తగ్గినవీ తగ్గనివీ అన్నీ రాసి 1785లో అచ్చు వేశాడు. గుండె బలహీనపడినా ఒంటికి అలా నీరు పడుతుంది. ఆ జాతి మొక్కల నుంచి తీసే డిగాక్సిన్ అనే మందును గుండె జబ్బులకు నేటికీ ఇస్తున్నారు. అవ్వ పేరు మాత్రం ఆయన రాయలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

ఒక ఆకు గుండెను ఎలా సరిదిద్దుతుందో పూర్తిగా వివరించడం నా వల్ల కాదు. అది తలచుకున్నప్పుడల్లా ఆశ్చర్యపోవడమే నాకు తెలుసు. మీరు మాత్రం రెండు పనులు చేయండి. మీ ఎడ్జ్‌బాస్టన్‌లోని పాత చర్చిలో విథరింగ్ స్మారక ఫలకం ఉంది, దాని మీద ఫాక్స్‌గ్లవ్ చెక్కి ఉంటుంది. నాన్నను తీసుకెళ్ళమనండి. జూన్‌లో పొదల అంచున ఊదారంగు గంటల్లాంటి పువ్వులు వేలాడే నిలువెత్తు కాడ కనిపిస్తే ఆగండి, అదే ఫాక్స్‌గ్లవ్. ముట్టుకోవద్దు, నోట్లో అసలే పెట్టుకోవద్దు. ప్రతి భాగమూ విషమే. పువ్వు లోపలి మచ్చలు చూడండి. బొద్దు తేనెటీగ వస్తే, అది కింది పువ్వుతో మొదలుపెట్టి పైకి వెళుతుందో, పై నుంచి కిందికి దిగుతుందో గమనించి నాకు రాయండి.

మీ తాతయ్య