ఒక్క సీటు పార్టీ, మూడు చట్టాల చిక్కు

ఆస్ట్రేలియాలో మాజీ సైనికుల మాటెత్తితే జాకీ లాంబీ పేరు రాక తప్పదు. టాస్మేనియా రాష్ట్రం ఆవిడది, సెనేట్ (పార్లమెంటు ఎగువ సభ) సభ్యురాలు. 1989లో సైన్యంలో చేరారు, వెన్ను దెబ్బతిని 2000లో బయటికొచ్చారు. పరిహారం అడిగితే మాజీ సైనికుల శాఖ ఇదంతా నాటకమేమోనని అనుమానించి నిఘా పెట్టింది, ఆ పోరు ఏళ్ల తరబడి సాగింది.

2013లో గనుల వ్యాపారి క్లైవ్ పామర్ పార్టీ తరఫున సెనేట్‌కు గెలిచి, మరుసటి ఏడాదే గొడవపడి బయటికొచ్చేశారు. అప్పుడే ప్రభుత్వం సైనికుల జీతాలు ఏటా 1.5 శాతం మాత్రమే పెంచుతానంది. అది మార్చేదాకా మీ బిల్లు ఏదొచ్చినా వ్యతిరేకంగా ఓటేస్తానని ఆవిడ మొండికేశారు, 2015 మార్చిలో ప్రధాని టోనీ అబాట్ 2 శాతానికి ఒప్పుకున్నారు. ఆమె సొంత పార్టీ, జాకీ లాంబీ నెట్‌వర్క్, పుట్టింది కూడా ఆ ఏడాదే. (మన మాజీ సైనికులు ఒకే ర్యాంకు ఒకే పింఛను కోసం జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నదీ 2015లోనే. వాళ్ల చేతిలో పార్లమెంటు ఓటు లేదు, అంతే తేడా.)

ఇంత చిన్న పార్టీకి అంత పట్టు ఎలా అంటే, సెనేట్‌లో ఉన్న 76 సీట్లలో జనాభాతో సంబంధం లేకుండా రాష్ట్రానికి 12 చొప్పున ఇస్తారు. టాస్మేనియా జనాభా ఆరు లక్షల లోపే. పైగా సెనేట్‌లో ప్రభుత్వానికి సొంత మెజారిటీ ఉండటం అరుదు, కాబట్టి ఒక్క ఓటు కోసం కూడా బతిమాలక తప్పదు.

అసలు పోరాటం సైనికుల, మాజీ సైనికుల ఆత్మహత్యల మీద. 2020లో ప్రధాని స్కాట్ మోరిసన్ ఒక ప్రత్యేక కమిషనర్‌ను వేస్తామంటే లాంబీ, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఒప్పుకోలేదు, రాయల్ కమిషనే (ప్రభుత్వం వేసే అత్యున్నత స్థాయి స్వతంత్ర విచారణ సంఘం) కావాలని పట్టుబట్టి 2021లో సాధించారు. 2024 సెప్టెంబరులో వచ్చిన తుది నివేదిక ప్రకారం 1997 నుంచి 2021 దాకా ఆత్మహత్య చేసుకున్న సైనికులు, మాజీ సైనికులు కనీసం 1,677 మంది. విధి నిర్వహణలో చనిపోయినవాళ్లకు ఇది 20 రెట్ల పైమాటే. మొత్తం 122 సిఫార్సులు చేశారు.

పార్టీ మాత్రం నిలవలేదు. 2024లో సెనేటర్ టామీ టైరెల్ వెళ్లిపోయారు, టాస్మేనియా అసెంబ్లీకి గెలిచిన ముగ్గురిలో ఇద్దరు ఐదు నెలలకే పార్టీకి దూరమయ్యారు. లాంబీ మాత్రం 2025లో మళ్లీ గెలిచారు. ఇక మూడు చట్టాల చిక్కు సంగతి. ఎప్పుడు పనిచేశావు, ఎప్పుడు దెబ్బ తగిలింది అని లెక్కగట్టి 1986, 1988, 2004 నాటి మూడు చట్టాల్లో ఒకదానికి తోసే పరిహారం పద్ధతిని మార్చి, 2026 జులై నుంచి కొత్త దరఖాస్తులన్నిటికీ ఒకే చట్టం వర్తించేలా 2025 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది.