దేవుడి బొమ్మ గురించి హన్మకొండలో నేను రోజూ వినే అపోహలు

ఇరవై ఏళ్లకు పైగా హన్మకొండలో దేవుళ్ల బొమ్మలు వేస్తున్నాను. బొమ్మ కావాలని వచ్చేవాళ్లు ముందుగా చెప్పే మాట ఒకటే: "సంప్రదాయంగ ఉండాలె సార్, మాడ్రన్ వద్దు." ఆ మాట వెనకున్న భక్తి మీద నాకు ఎంతో గౌరవం. అయితే ఏది పాతదో, ఏది నిన్నమొన్నటిదో మాత్రం చాలామందికి తారుమారైంది.

అపోహ: దేవుడి రూపం అనాదిగా ఒక్కటే, మారిస్తే తప్పు.

వాస్తవం: ఒక శ్రావణమాసం ముందు ఓ పెద్దాయన లక్ష్మీదేవి బొమ్మ వేయమన్నాడు. నేను గీసిన చిత్తు చూసి ముఖం ముడుచుకున్నాడు. "లక్ష్మమ్మ గిట్లుంటదా బిడ్డా? మా ఇంట్ల పటంల ఉన్నట్టు రావాలె" అన్నాడు. ఆ పటం తెప్పించి చూశాను. నీళ్ల మధ్య తామర మీద నిలబడ్డ అమ్మవారు, చీర కుచ్చిళ్లు, పక్కన ఏనుగు. రవివర్మ లక్ష్మికి అది అచ్చం నకలు.

రాజా రవివర్మ (1848–1906) తిరువాన్కూరు వాడు. తైలవర్ణాలు, ఒంటి మీద వెలుగునీడలు, వెనక దూరమైపోయే చెట్లూ నీళ్లూ, ఇవన్నీ యూరప్ చిత్రకళ నుంచి పట్టుకున్న విద్య. 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి, జర్మనీ పనివాళ్లతో రాతి అచ్చులు తీయించి, పటాలను సామాన్యుడికి అందే ధరకు తెచ్చాడు. గుడి గడప తొక్కనివ్వని కులాల ఇళ్లలోకి కూడా అలా దేవుడు కాగితం మీద నడిచి వెళ్లాడు. ఆ ఒక్క పనికే నేనాయనకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ ముఖం, ఆ చీరకట్టు వయసు నూట ముప్పై ఏళ్లు, అంతే.

మరి శాస్త్రం ఏం చెబుతుంది? శ్రీసూక్తంలో అమ్మ తామర మీద ఉంటుంది, తామర వన్నెలో ఉంటుంది, మెడలో బంగారు హారాలు, ఏనుగుల ఘీంకారం. చీర అంచు ఏ రంగో, ముక్కు ఏ తీరో లేదు. ధ్యానశ్లోకాలు కూడా చేతులెన్ని, ఏ ఆయుధం, ఏ వర్ణం, ఏ ఆసనం అన్నంతవరకే చెప్పి, తక్కినది వేసేవాడికి వదిలేస్తాయి. 1213 నాటి రామప్ప గుడికి వెళ్లి, నల్లరాతి మదనికల (నాట్యభంగిమల్లో చెక్కిన స్త్రీమూర్తుల) కింద నిలబడి ఒక్కసారి తలెత్తి చూడండి. ఆ నడుము వంపు, ఆ నగల పనితనం, ఆ నిలుచున్న తీరు పటాల్లో ఎక్కడా కనపడవు. పెద్దాయనకు ఫోన్‌లో ఆ ఫొటోలు చూపించాను. చాలాసేపు చూసి, "మనోళ్లు గిట్ల చెక్కిన్రా!" అన్నాడు. చివరికి ఎర్రచీర ఆయన మాట, నిలుచున్న తీరు రామప్పది. ఇప్పుడా బొమ్మ వాళ్ల పూజగదిలో ఉంది.

అపోహ: ఆధునిక చిత్రకారులు దేవుణ్ని వదిలేశారు.

వాస్తవం: దూరం పోనక్కర్లేదు. మహబూబాబాద్ దగ్గర పెనుగొండలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు (1924–2012) శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, జీవితమంతా పురాణ కథలు వేశారు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం చిన్నప్పుడు చూసిన నాటకాల వాళ్ల ఆడవేషాలను మరిచిపోలేదు. ఆయన స్త్రీల నుదుటి మీది బొట్టు, ఒంటి పసుపు, మగవాళ్ల నామాలు చూస్తే నాకు మా ఊరి జాతరే గుర్తొస్తుంది. దేవుణ్ని గీయకుండా భక్తుణ్ని గీయడం కూడా భక్తి చిత్రమే.

అపోహ: రూపం లేకపోతే అది దేవుడి బొమ్మ కాదు.

వాస్తవం: ఈ మాట మన జిల్లాల్లో వినపడితే నాకు బాధగా ఉంటుంది. మేడారంలో సమ్మక్క విగ్రహం ఉందా? చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో తల్లి గద్దెకు వస్తుంది. పులి మీద కూర్చున్న సమ్మక్క తర్వాత వచ్చిన పటాల్లోది.

ఇక కొమురవెల్లి మల్లన్న పట్నం, అంటే దేవుడి పేర నేల మీద వేసే రంగుల ముగ్గు. శివరాత్రి నాడు ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, పిండి, ఆకుపొడులతో నేల మీద గీతలు, గళ్లు పరుస్తారు. అంత కష్టపడి వేసిన పెద్దపట్నాన్ని పూజించి, ఆ తెల్లారే తొక్కి దాటుతారు. ఆ రంగుపొడి కోసం జనం ఎగబడతారు. కరీంనగర్ ప్రాంతంలో పుట్టిన చిత్రకారుడు పి.టి. రెడ్డి (1915–1996) శ్రీచక్రం, కుండలిని వంటి తాంత్రిక రూపాలతో వేసిన చిత్రాలను "అర్థం కాని మాడ్రన్" అనేవాళ్లు పట్నం ముందు నిలబడి మాత్రం కళ్లు మూసుకుని దండం పెడతారు. రెండింటిలోనూ గీతే దేవుడు.

అపోహ: చేర్యాల పటం అంటే డ్రాయింగు రూములో తగిలించుకునే పాతకాలపు బొమ్మ.

వాస్తవం: అది కథ చెప్పడానికి పుట్టింది. ఖాదీ బట్టకు గంజి, సుద్ద, చింతగింజల ముద్ద, జిగురు పట్టించి ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద నకాషీలు (ఈ పటాలు వేసే చిత్రకారులు) బొమ్మలు వేస్తే, పదుల అడుగుల ఆ చుట్టను ఒక్కో గడీ (ఒక్కో ఘట్టం బొమ్మ) విప్పుతూ రాత్రంతా కథ నడిపేవారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ. ఏ కులం దేవుడు ఆ కులం పటంలో మధ్యన నిలబడేవాడు. వాడి వాడి పాతబడ్డ పటాన్ని చెత్తలో పారేయలేదు, పూజ చేసి ఏట్లో కలిపేవారు. ఫ్రేము కట్టిన చిన్న బొమ్మ కొనుక్కోండి, మంచిదే, నకాషీకి అన్నం దొరుకుతుంది. కొన్నప్పుడు అది ఏ కథలో ఏ గడీయో మాత్రం అడగండి. వాళ్లు సంతోషంగా చెబుతారు.

అపోహ: ఆక్రిలిక్ వాడితే అపచారం.

వాస్తవం: కాదు. రవివర్మ తైలవర్ణాలు కూడా ఆ రోజుల్లో పరదేశపు రంగులే. పూజలో దీపం పొగ, అగరు మసి పట్టే చోట పెడతామంటే మాత్రం నాకు ముందే చెప్పండి, బొమ్మ మీద వార్నిషు ఇంకో పూత వేసి ఇస్తాను.