ఐబీఎస్ ఉంటే కొలనోస్కోపీ చేయించుకోవాలా?

తినగానే కడుపు పట్టేస్తుంది, బాత్రూమ్‌కి పరుగెత్తాలి, వెళ్లొచ్చాక కాస్త తేలికపడుతుంది. హైటెక్ సిటీలో నైట్ షిఫ్టులు చేసేవాళ్ల నుంచి అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్ల దాకా నెలల తరబడి ఇదే బాధ. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) లక్షణాలివి. చివరికి ఎవరో ఒకరు ‘ఒకసారి కెమెరా వేయించుకోరాదూ’ అంటారు. హైదరాబాద్‌లో ఆ పరీక్ష దొరకడం కష్టమేమీ కాదు. కానీ కెమెరాకి కనిపించే జబ్బేనా ఇది?

కొలనోస్కోపీలో, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి చేసే ఆ పరీక్షలో, పేగు లోపలి పొర కనిపిస్తుంది: పుండు, వాపు, పాలిప్, గడ్డ. ఐబీఎస్‌లో ఆ పొర మామూలుగానే ఉంటుంది. తేడా పేగు కదలికలో, నరాల స్పందనలో ఉంటుంది. 1973లో రిచీ అనే బ్రిటిష్ పరిశోధకుడు పెద్దపేగు చివరి భాగంలో చిన్న బెలూన్ పెట్టి గాలి నింపి చూశారు. 60 మిల్లీలీటర్లకే, అంటే చిన్న పేపర్ కప్పులో పోసే చాయ్ అంత గాలికే, ఐబీఎస్ ఉన్నవాళ్లలో 55 శాతం మందికి నొప్పి వచ్చింది. లేనివాళ్లలో 6 శాతం మందికే. రిపోర్ట్ నార్మల్ వచ్చిందని ‘నీకేం లేదు, అంతా టెన్షనే’ అని తీసిపారేయడం అందుకే అన్యాయం. ఆ నొప్పి నిజమైనదే.

2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, మలబద్ధకం ప్రధానంగా లేని 466 మంది ఐబీఎస్ అనుమానితులకు కొలనోస్కోపీ చేశారు. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ లాంటి పేగువాపు జబ్బులు బయటపడింది 0.4 శాతం మందిలోనే. అందుకే 45 ఏళ్లలోపు ఉండి, ప్రమాద సూచనలేవీ లేకపోతే ఈ పరీక్ష మామూలుగా అవసరం లేదని అమెరికా గ్యాస్ట్రో వైద్యుల సంఘం 2021లో చెప్పింది. విరేచనాలు ఎక్కువగా ఉన్నవాళ్లకి ముందు రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపుని సూచించే ప్రొటీన్), సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్షలు, మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ చూస్తే చాలావరకు తేలిపోతుంది. క్యాల్‌ప్రొటెక్టిన్ తెల్ల రక్తకణాల నుంచి వచ్చే ప్రొటీన్. అది తక్కువగా ఉంటే పేగులో వాపు ఉండే అవకాశం బాగా తక్కువ. సీలియాక్ పరీక్షకి ముందు మాత్రం చపాతీలు మానేయకండి. గోధుమలు తింటున్నప్పుడే ఆ పరీక్ష సరిగ్గా పనిచేస్తుంది.

ఇక ప్రమాద సూచనలు. మలంలో రక్తం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, రక్తహీనత, విడవని జ్వరం, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ లేదా పేగువాపు జబ్బు ఉండటం. వీటిలో ఏది ఉన్నా డాక్టర్ని కలవడం వాయిదా వేయకండి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రక్తం విషయమే. ‘మొలలేలే’ అని మందుల షాపులో ఆయింట్‌మెంట్ కొనుక్కుని ఏళ్లు గడిపేస్తారు. మొలలే కావచ్చు, కానీ ఆ మాట చూసిన డాక్టర్ చెప్పాలి. మన దేశంలో పేగు టీబీని కూడా మరవకూడదు. అది ఎక్కువగా చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట వస్తుంది. స్కోప్ అక్కడిదాకా వెళ్లి ముక్క తీస్తే టీబీనా, క్రోన్సా అన్నది తేల్చే ఆధారం దొరుకుతుంది.

ముందురోజు రాత్రి తాగాల్సిన లీటర్లకొద్దీ మందునీళ్లు తలుచుకునే చాలామంది వెనకాడతారు. ఆ ఒక్క రాత్రి ఇబ్బందే. పరీక్ష సమయంలో సాధారణంగా మత్తు ఇస్తారు. నీళ్ల విరేచనాలు వారాల తరబడి ఆగకపోవడం వల్ల చేయించుకుంటుంటే మాత్రం, పేగు బాగానే కనిపించినా బయాప్సీ (పరీక్షకి చిన్న ముక్క) తీస్తారా అని డాక్టర్ని ముందే అడగండి. మైక్రోస్కోపిక్ కొలైటిస్ అనే జబ్బు కెమెరాకి దొరకదు, ఆ ముక్కలోనే బయటపడుతుంది. అమెరికా అధ్యయనంలోని 466 మందిలో ఏడుగురికి అదే ఉంది.