చూడ్డానికి ఒక్కటే పైపు

బుజ్జీ, చిన్నోడా,

మొన్న సెలవుల్లో ఆటోనగర్ షాపుకి వచ్చినప్పుడు అడిగారు గుర్తుందా? "ఆ ట్రాక్టరాయన తెచ్చిన పైపూ, ఇక్కడ వేలాడేదీ ఒకేలా ఉన్నాయిగా తాతయ్యా, ఎందుకివ్వలేదు?" అని. చేతినిండా నూనె, అప్పుడు చెప్పలేకపోయాను.

ఆయనది ట్రాలీ ఎత్తే జాకీ పైపు. రెండింటి లోపలి బెజ్జమూ అరంగుళమే. కానీ మనదాంట్లో రబ్బరు పొరల మధ్య ఉక్కుతీగ అల్లిక ఒక్క వరసే. ఆ రకం 160 బార్ (ప్రెజర్ కొలత) దాకానే మోస్తుంది, రెండు వరసలదైతే 275. ఆయన పంపు 180 దాకా కొడుతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర, లెక్కేసుకోండి. "పగిలేది దానికి నాలుగింతల దగ్గర కదయ్యా" అని ఆయన వాదన. నిజమే. ఆ మిగులంతా నిండు ట్రాలీ గతుకులో పడ్డప్పుడు తగిలే తన్నుకీ, ఎండకీ, పైపు వయసుకీ అట్టే పెట్టింది. మనం ముందే ఖర్చు పెట్టేస్తే ఎట్లా?

నా అసలు తలనొప్పి మాత్రం పైపు కొసలకి బిగించే ఫిట్టింగులతో. బీఎస్‌పీ, ఎన్‌పీటీ అని రెండు రకాల థ్రెడ్లు. అరంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. పంటి కోణం మాత్రం ఒకదానికి 55 డిగ్రీలు, రెండోదానికి 60. దానికిది రెండు చుట్లు చక్కగా ఎక్కి బిగుసుకుంటుంది, సాయంత్రానికి బొట్లు మొదలు. కుర్రతనంలో నేనూ టేపు చుట్టి, పానాకి గొట్టం తగిలించి బిగించాను. అడాప్టర్ చీలింది, ఓనర్ చేత తిట్లు తిన్నాను. అప్పట్నించీ థ్రెడ్ కొలిచే గేజీ పెట్టి చూడందే చెయ్యి వెయ్యను.

రబ్బరూ చూడాలి. హైడ్రాలిక్ ఆయిల్‌కి నైట్రైల్. ఈపీడీఎం అనే రబ్బరు ఆ నూనెలో ఉబ్బి చెడుతుంది, మామూలు కారు బ్రేకు ఆయిల్‌కి మాత్రం అదే కావాలి. పొడుగు కూడా కాస్త ఎక్కువ కొయ్యాలి. ప్రెజర్ ఎక్కితే మీటరు పైపు నాలుగు సెంటీమీటర్ల దాకా కుంచించుకోవచ్చు.

ఇంకోటి. ఎక్కడ కారుతోందా అని చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. సూదిమొనంత కన్నంలోంచి వచ్చే నూనె తోలుని చీల్చుకుని లోపలికి పోతుంది. పెద్దగా నొప్పి ఉండదు, చీమ కుట్టినట్టే. అయినా ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పెరట్లో మేకుకి పాత పైపు వేలాడుతోంది. గుడ్డతో తుడిస్తే పొడుగునా తెల్ల అక్షరాలు కనబడతాయి. 1ఎస్‌ఎన్ అంటే తీగ ఒక వరస, 2ఎస్‌ఎన్ అంటే రెండు. అక్కడ ఉన్నది 1ఎస్‌ఎన్నా, 2ఎస్‌ఎన్నా? చూసి రాయండి.

మీ తాతయ్య